నిండు నిమిషము: పరిచర్యావిద్యలో సత్యలేఖనము



ఈ ఉపన్యాసము ఎవరి స్మృత్యర్థము ఏర్పడినదో వారి పేరు ఆహ్వానపత్రికలో లేకుండుట చూచి పలువురు నన్ను కారణమడిగిరి. అది మరపు కాదు. ముప్పది యేండ్లకు పైగా నర్సింగు ట్యూటరుగా పనిచేసి, ఉద్యోగవిరమణానంతరము శామీర్‌పేట చెరువునకు దాపున ఒక చిన్న యింట శేషజీవితము గడపిన మా గురువుగారు, తమ పేర బంగారు పతకమును గాని శిలాఫలకమును గాని నెలకొల్పరాదని, కన్నుమూయుటకు ముందు మాచేత మాట పుచ్చుకొనిరి. ఆ మాటను అక్షరశః పాటించి, మేము వార్డులో పిలిచినట్లే వారిని ‘మేడమ్‌గారు’ అని మాత్రమే ఇచట పేర్కొందును.

నేను రెండవ సంవత్సరపు విద్యార్థినిగా ఒక పెద్ద ఆసుపత్రిలో శస్త్రచికిత్సల వార్డులో రాత్రి డ్యూటీ చేయుచుంటిని. వార్డు నిండ రోగులు. వారికి ఒక స్టాఫ్ సిస్టరు, మేమిద్దరము విద్యార్థినులము. ఉదయము 6 గంటలకు చూడవలసిన టీపీఆర్‌ను, అనగా ఉష్ణము, నాడి, శ్వాసల లెక్కను, నేను 5 గంటలకే, థర్మామీటరు సీసానుండి తీయకయే, బల్లదీపము క్రింద కూర్చుండి, నా వంతునకు వచ్చిన తొమ్మిదిమంది చార్టులలో ఒక్క ఊపున నింపితిని. ఉష్ణము ఒకరికి 98.4, ఒకరికి 98.6, నాడి ఒకరికి 76, ఒకరికి 80, శ్వాస మాత్రము అందరికిని 20. అంకెలన్నియు ఒక్కటిగా ఉన్నచో అనుమానము కలుగునని వాటిని కొంచెము కొంచెము మార్చి వ్రాయు నేర్పును నాకు ఎవ్వరును బోధింపలేదు. అది దానంతటదియే అలవడినది.

ఏడింటికి మేడమ్‌గారు రౌండ్సుకు వచ్చిరి. 14వ నెంబరు మంచము కడ నిలిచి చార్టు చేతికి తీసికొని, దానిని చూచి, మంచమును చూచి, మరల చార్టును చూచిరి. ఆ మంచముపై రోగి లేడు. 5.30కే అతనిని అత్యవసరముగా ఆపరేషను థియేటరునకు తరలించిరి. ఆవలి వరుసలో ఇంజెక్షన్ల ట్రే సర్దుకొనుచున్న నేను ఆ సంగతి గమనింపలేదు. 6 గంటల గడిలో అతని నాడి 78 అని నా దస్తూరితో వ్రాసియున్నది.

వారు కేకలు వేయలేదు. “మంచం పక్కన నిలబడి, వాచీ చూసి, నిండు నిమిషం నాడి లెక్కపెట్టమ్మా” అనిరి. ముడుతలు పడిన ఆ ఖాళీ పక్క మీద చేయి ఉంచి, వార్డంతయు చూచుచుండగా, అరువది సెకనులు నేను నిలిచియుంటిని. ఒక నిమిషము ఎంత దీర్ఘమైనదో నాకు అంతకు పూర్వము తెలియదు. పిమ్మట వారు నాచేతనే ఆ అంకెను ఒక్క గీతతో కొట్టివేయించి, ప్రక్కన ‘చూడలేదు’ అని వ్రాయించి, వేళ వేయించి, సంతకము చేయించిరి. తక్కిన ఎనిమిదిమందిని అప్పుడు నిజముగా పరీక్షించితిని. ఎవ్వరికిని ఏ ప్రమాదమును లేదు. అదియే నన్ను మిక్కిలి భయపెట్టినది. నా అబద్ధము వలన ఎవ్వరికిని హాని కలుగలేదు గనుక, ఆనాడు పట్టుబడకున్నచో మరునాడును, ఆ మరునాడును దానినే చేసియుందునని నాకు స్పష్టముగా తెలిసినది.

మన వృత్తిలో ప్రతి విద్యార్థినికిని మొదటి నెలలోనే చెవిని పడు సూత్రమొకటి కలదు: వ్రాయనిది చేయనట్లే. మందు ఇచ్చితివి, డ్రెస్సింగు మార్చితివి, రోగిని ప్రక్కకు తిప్పితివి. సరియే, కాని చార్టులో వ్రాయనిచో చేసినట్లు నిదర్శనమేదని అడుగుదురు. సూత్రము మంచిదే. కాని దానికి రెండవ సగమొకటి కలదు. దానిని మనము బోధించుటలేదు. చేయనిది వ్రాయరాదు. మొదటి సగమును మాత్రమే నేర్చిన పిల్లకు ఖాళీ గడి యన్న భయము. ఆ భయములో ఆమె గడి నింపును, రోగి కడకు పోవుటకు వేళ చిక్కినను చిక్కకున్నను నింపును. ఖాళీ గడిని చూచిన డాక్టరు నాడి తాను చూచుకొనును, లేదా చూడుమనును. అబద్ధముతో నిండిన గడి ‘ఇక చూడనక్కరలేదు’ అని ఆ డాక్టరు చేతిని ఆపును.

ఈ రోగము వార్డులో పుట్టదు. హాస్టలు గదిలో పుట్టును. రికార్డులు సమర్పింపవలసిన ముందటి రాత్రి మన హాస్టళ్లలో దీపములు ఆరవు. సీనియరు అక్క రికార్డు చేతులు మారుచుండును. కేర్ ప్లానులో రోగి పేరు మారును, వయస్సు మారును, కాని ఆ పాత రోగికి పెట్టిన మూత్రపు గొట్టము మాత్రము కొత్త రోగి కథలోను నిలిచియుండును. నేను దిద్దిన రికార్డులలో ప్రసవమునకు వచ్చిన తల్లికి వృద్ధుని మధుమేహవ్రణమునకు చేయు సేవ వ్రాసియుండుట చూచితిని. ఇప్పుడు కృత్రిమ మేధ ఏ రోగము పేరు చెప్పినను క్షణములో కేర్ ప్లాను వ్రాసి ఇచ్చుచున్నది. దానిలో కంటికి కనబడు తప్పులు కూడ తక్కువ. అది మరింత కష్టము, ఏలయన వృద్ధుని వ్రణము తల్లికి అంటుకొని పట్టించిన ఆ పాత దొంగతనమువలె అది తన్ను తాను పట్టియియ్యదు.

చరిత్ర విద్యార్థి వ్యాసము కాపీ కొట్టినచో అతనికి చరిత్ర రాకపోవును. అది అతని నష్టము. నర్సింగు విద్యార్థిని కేర్ ప్లాను కాపీ కొట్టినచో తాను చూడని రోగికి తాను చేయని సేవను చేసినట్లు వ్రాయుట ఆమెకు అభ్యాసమగును. ఖాళీ మంచము నాడి 78 అని వ్రాసిన నా చేతికిని, రికార్డు కాపీ కొట్టిన నా చేతికిని మధ్య తేడా లేదని నాకు తెలియును. ఆ రెండు పనులును చేసినది నేనే.

మన ప్రాచీనులు ఈ విషయమును ఎట్లు చూచిరో ఒక్క మాట. చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా రోగి ప్రక్కన నిలుచు పరిచారకుడు. అతనికి ఉండవలసిన గుణములు నాలుగు: ఉపచారము తెలిసియుండుట, దక్షత, రోగియందు అనురాగము, శౌచము. వైద్యునికి చెప్పిన నాలుగింటిలోను దక్షత, శౌచము కలవు. అనగా ఈ రెండింటియందు వైద్యునికిని పరిచారకునికిని ఎక్కువ తక్కువలు లేవు. వైద్యుని గుణములలో పలుమార్లు కర్మను కన్నులార చూచియుండుట యన్నది మరియొకటి. శౌచమనగా చేతులు కడుగుకొనుట మాత్రమేనని మనము నేడు అనుకొనుచున్నాము. మనస్సు యొక్క శుభ్రతయు దానిలో చేరినదని నా నమ్మకము. తొడుగు తొడుగుకొని అబద్ధము వ్రాసిన చేయి శుభ్రమైన చేయి కాదు.

దీపమును పట్టుకొన్న స్త్రీగా మనము పూజించు ఫ్లారెన్స్ నైటింగేల్ 1854లో స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరిన తరువాత ఆమెను కలవరపెట్టిన సంగతులలో మురికి యొకటి, లెక్కలొకటి. మరణించిన సైనికుల లెక్కకు అచట మూడు వేర్వేరు రిజిస్టర్లు ఉండెను. ఆ మూడును ఒకదానితో ఒకటి పొసగలేదు. ఎందరు చచ్చిరో తెలియనిచో ఏల చచ్చిరో తెలియదు. ఏల చచ్చిరో తెలియనిచో రేపు చచ్చువారిని నిలుపుట సాధ్యము కాదు. 1858లో లండను గణాంకసంఘము ఆమెను తన ప్రథమ మహిళా సభ్యురాలిగా చేర్చుకొనినది. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సింగు పాఠశాల ఆరంభమైనది. మన కళాశాలలలో దీపప్రజ్వలనము నాడు తెల్లని దుస్తులతో మీరు చేయు ప్రతిజ్ఞ ఆమె వ్రాసినది కాదు. 1893లో అమెరికాలోని డిట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ ఆధ్వర్యమున రూపొందినది. దీపము చేతికిచ్చు ఆ నాడే రిజిస్టరు కూడ చేతికిచ్చి, ఇదియు నైటింగేల్ మనకు విడిచిన వస్తువేనని చెప్పినచో ఎంత బాగుండును.

ఇక ఈ నేల సంగతి. మేడ్చల్ గుండ నాగపురము పోవు 44వ జాతీయ రహదారి, శామీర్‌పేట గుండ కరీంనగరము పోవు రాజీవ్ రహదారి. ఈ రెండింటి పరిసరములలో మీ కళాశాలల బస్సులు తిరుగు దారులలోనే దేశమునకు టీకాలు పుట్టుచున్నవి. వరప్రసాదరెడ్డిగారు తమ తల్లి పేర 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన దేశపు మొట్టమొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను వెలువరించినది. మేడ్చల్ దాని కార్యక్షేత్రము. శామీర్‌పేట, తుర్కపల్లిలలో జీనోమ్ వ్యాలీ వెలసినది. ఆ ప్రయోగశాలలలో పనిచేయు బిడ్డలు మీ యిండ్లలోను ఉందురు, వారినడుగుడు, అచటి నియమములు చెప్పుదురు. నోటుపుస్తకములో పుట చింపరాదు. తెల్లరంగు పూసి దిద్దరాదు. తప్పు వ్రాసినచో ఒక్క గీతతో కొట్టి, కొట్టినది కూడ చదువవచ్చునట్లు ఉంచి, సంతకము, తేదీ వేయవలెను. పని జరిగిన క్షణముననే వ్రాయవలెను. ఎవరు వ్రాసిరో తెలియవలెను. మేడమ్‌గారు 14వ నెంబరు మంచము కడ నాచేత చేయించినది సరిగా ఇదియే. కంపెనీలకు చట్టము విధించిన క్రమశిక్షణను వారు ఒక పిల్లకు ఒక నిమిషములో నేర్పిరి.

హెపటైటిస్-బి టీకా ప్రాణము ఎంత సున్నితమో మీరు పాఠములో చదివియున్నారు. దానిని 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ నడుమ ఉంచవలెను. వేడికి అది కొంతకాలము ఓర్చుకొనును, చలికి ఓర్చదు. గడ్డకట్టెనా, ఇక అది టీకా కాదు. కరిగిన తరువాత సీసాను ఊరక చూచినచో తేడా తెలియదు. షేక్ టెస్ట్ చేసి, కుదిపి, నిలిపి, అడుగున తేరుకొను తీరు చూడవలెను. అందుకే ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో టీకాలుంచు ఐఎల్ఆర్ పెట్టె మీద ఉష్ణోగ్రత పుస్తకముండును. దానిలో ఉదయమొకసారి, సాయంత్రమొకసారి, సెలవు దినములలో కూడ, ఉష్ణోగ్రత చూచి వ్రాయవలెను. ఆదివారము సాయంకాలపు గడిని సోమవారము ఉదయము 4 డిగ్రీలని నింపు చేయి ఎన్నడును ఎవ్వరిని చంపినట్లు కనబడదు. ఆ రాత్రి పెట్టెలో ఏమి జరిగినదో తెలియదు, సీసా పైకి మంచిగానే ఉండును, సూది వేయుదురు, తల్లి బిడ్డను ముద్దాడి యింటికి తీసికొనిపోవును. ఆ బిడ్డకు రక్షణ లేదను సంగతి పాతికేండ్ల తరువాత కాలేయము చెప్పవచ్చును. అప్పటికి ఆ పుస్తకమును ఎవరు తెరతురు? ఇంత శాస్త్రము, ఇంత ధనము, ఇంతమంది శ్రమ ఈ మేడ్చల్ నేలపై పోసి చేసిన వస్తువు, చిట్టచివరకు పెన్ను పట్టుకొన్న ఒక ఏఎన్ఎమ్ నిజాయితీపై ఆధారపడియున్నది. నా దృష్టిలో ఇంతకన్న గౌరవప్రదమైన ఉద్యోగము లేదు.

ఇంతవరకు విద్యార్థులతో మాటలాడితిని. ఇప్పుడు నా తోటి అధ్యాపకులతో మాటలాడవలెను. ఇది నాకు కష్టమైన భాగము.

పిల్లలు అబద్ధము వ్రాయుచున్నారని కోపించు మనము, అబద్ధము వ్రాయక తప్పని పుస్తకములను వారి చేతికిచ్చుచున్నాము. భారత నర్సింగు మండలి నియమముల ప్రకారము పరీక్షకు కూర్చుండుటకు 80 శాతము హాజరు చాలును. కాని పట్టా పుచ్చుకొనుటకు ముందు ప్రతి క్లినికల్ విభాగములోను 100 శాతము పూర్తి కావలెను. న్యాయమే. మొన్నమొన్నటివరకు నడచిన బీఎస్సీ సిలబసులో ప్రసూతి కేసుబుక్కునకు 30 మంది గర్భిణులను పరీక్షించుట, 20 సహజ ప్రసవములను స్వహస్తములతో చేయుట, 20 మంది బాలెంతలను సంరక్షించుట విధి. ఇదియు న్యాయమే, చూడని కాన్పు చేయవచ్చునా? అయితే నగరపు ఉత్తరపు అంచున కళాశాలలు లేచినంత వేగముగా కాన్పులు పెరుగలేదు. కోఠి, పేట్లబుర్జు, గాంధీ, నిలోఫర్‌ల వంటి పెద్ద ఆసుపత్రులకు పలు కళాశాలల పిల్లలు పోస్టింగులకు పోవుదురు. ఏ ఆసుపత్రి యని నేను చెప్పను. ఏ లేబరు గదిలోనైనను ఒక తల్లి ప్రసవించుచుండగా ఆరుగురు విద్యార్థినులు గోడకానుకొని నిలుతురు, ఒకతె చేయి పెట్టును, ఆ రాత్రి అదే తల్లి ఇన్‌పేషెంటు నెంబరు ఆరు కేసుబుక్కులలో ఎక్కును. ఆరింటిలోను ‘స్వయముగా చేసితిని’ అని ఉండును. ఆరింటి క్రిందను మన సంతకముండును.

ఆ సంతకములు నావి కూడ కలవు. నేను వాటిని చేసితిని. పిల్ల సంవత్సరము వృథా పోవునని, పేద తల్లిదండ్రులు ఫీజు కట్టలేరని, ఏదో ఒక న్యాయము చెప్పుకొని చేసితిని. ఒకమ్మాయి మాత్రము నా గదికి వచ్చి, “మేడం, నేను పద్నాలుగే చేసిన, మిగిలినవి నిలబడి చూసిన అంతే, ఏం రాయాలె?” అని అడిగినది. ఆమెకు నేనిచ్చిన జవాబు ఇచట చెప్పుటకు నాకు నోరు రాదు. అయినను చెప్పవలెను: తక్కినవారు వ్రాయుచున్నట్లే వ్రాయుమంటిని. ఆ పిల్ల తల వంచుకొని వెళ్ళినది. మేడమ్‌గారి శిష్యురాలినై యుండి నేనట్లంటిని.

నా మాటలోని ప్రమాదము ఎంత దూరము పోవునో తరువాత లోకము చూపినది. 2023 జనవరిలో అమెరికాలోని ఫ్లోరిడాలో కొన్ని నర్సింగు పాఠశాలలు 7,600కు పైగా దొంగ డిప్లొమాలను అమ్మినవని 25 మందిపై నేరారోపణ చేసిరి. చదువనివారు చదివినట్లును, క్లినికల్ గంటలు పూర్తి చేసినట్లును కాగితములు కొనుక్కొనిరి. ఆ దర్యాప్తునకు పెట్టిన పేరు ఆపరేషన్ నైటింగేల్. ఆ కాగితములు కొన్నవారిలో సుమారు 2,400 మంది తరువాత లైసెన్సు పరీక్ష కూడ ఉత్తీర్ణులైరి. ఇది గమనింపదగినది: పరీక్ష జవాబు తెలియునో తెలియదో చెప్పగలదు, అభ్యర్థిని ఒక మంచము ప్రక్కన నిండు నిమిషము నిలిచినదో లేదో చెప్పలేదు. అది చెప్పగలిగినది ఆమె కేసుబుక్కు ఒక్కటే. మన దేశములో మధ్యప్రదేశ్ హైకోర్టు ఆదేశముపై సీబీఐ అచటి నర్సింగు కళాశాలలను తనిఖీ చేయుచుండగా, 2024లో ఆ తనిఖీకి పోయిన అధికారులలోనే కొందరు అనుకూలమైన నివేదికలకై లంచము తీసికొనిరను అభియోగముపై అరెస్టయిరి. పిల్ల కేసుబుక్కులో ఒక కాన్పు కల్పించుటకును, లేని మంచములు ఉన్నట్లు కళాశాల కాగితములలో చూపుటకును తేడా పరిమాణములోనే గాని స్వభావములో లేదు. పిల్ల దానిని ఎవరివలన నేర్చుకొనుచున్నదో మనము ఆలోచింపవలెను.

ఇప్పుడు మన పిల్లలు తెలంగాణ ప్రభుత్వపు విదేశోద్యోగ సంస్థయైన టామ్‌కామ్ ద్వారా జర్మనీకి, జపానుకు పోవుచున్నారు. గల్ఫు దేశములకు పోవుట పాతమాట. అచట వారి భాష తడబడవచ్చును, ఆహారము పడకపోవచ్చును. కాని రాత్రి మూడింటికి చేతికి చిక్కిన వృద్ధురాలి నాడిని చూచుటలో తడబడరాదు. భాష క్రమముగా వచ్చును. కన్నులార చూడని కర్మ విమానములో రాదు.

1947 నాటి భారత నర్సింగు మండలి చట్టము స్థానములో 2023లో జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టము వచ్చినది. మండలి 2006లోనే నర్సులకు నీతినియమావళిని ప్రకటించినది. నియమములకు లోటు లేదు. కొరవడినది ఒక్కటి: నిజము చెప్పిన పిల్లకు శిక్ష పడదను నమ్మకము. ‘మందు పొరపాటున రెండుమార్లు ఇచ్చితిని’ అని తనంత తాను వచ్చి చెప్పిన విద్యార్థినిని అందరి ముందు నిలబెట్టి తిట్టిన వార్డులో ఆ తరువాత పొరపాట్లు జరుగుట మానవు, చెప్పుట మానును. మేడమ్‌గారు నన్ను ఖాళీ మంచము ప్రక్కన నిలబెట్టిరి, నిజమే. కాని ఆ సంగతిని వారు ప్రిన్సిపాలునకు వ్రాయలేదు, నా అంతర్గత మార్కులలో తగ్గింపలేదు. చాల యేండ్ల తరువాత కారణమడిగితిని. “నువ్వు గీత కొట్టి సంతకం పెట్టినవు కదా, ఇంకేం కావాలె” అనిరి.

కావున కళాశాలల పెద్దలకు నా విన్నపము ఇది. ప్రసూతి కేసుబుక్కులో ‘చేసితిని’ అను ఒక్క గడికి మారుగా మూడు గడులుంచుడు: ప్రక్కన నిలిచి చూచితిని, సాయపడితిని, స్వయముగా చేసితిని. స్వయముగా చేసినవి తక్కువైన పిల్లను తప్పించక, సెలవులలో మరియొక ఆసుపత్రికి, కాన్పులున్న చోటికి పంపుడు. పోస్టింగుల తేదీలను ఒకరితో ఒకరు మాటలాడుకొని పంచుకొనుడు. ఒక లేబరు గదిలో ఆరుగురు ఒక్క రాత్రి నిలువనక్కరలేదు. టీపీఆర్ చార్టులో ‘చూడలేదు, కారణము’ అని వ్రాయుటకు చోటుంచుడు. అట్లు వ్రాసిన పిల్లను కారణమడుగుడు, దండింపకుడు. పదునాలుగే చేసితినని నా గదికి వచ్చిన ఆ అమ్మాయికి నేను ఇయ్యవలసియుండిన జవాబు ఇదియే.

మేడమ్‌గారి శిష్యురాండ్రము కలిసి ఆ మూడు గడుల పుట నమూనా నొకదానిని అచ్చువేయించితిమి. ప్రతులు ఈ సభామందిరపు వాకిట బల్లపై ఉన్నవి. ప్రతి కళాశాల ప్రిన్సిపాలుగారును వెళ్ళునపుడు ఒక ప్రతిని తీసికొనిపోవలెనని ప్రార్థించుచున్నాను.